తపసుమాను పాటలను తుడిచేసిన అక్షరం

ఆ అక్షరాన్ని పెట్టినవాడెవడో నా ఎదురుగా ఉంటే చెవి మెలిపెట్టి బెంచీ ఎక్కించేవాడిని. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఫైలు తెరిచేటప్పుడు దాని పేరు పక్కన ఒక అక్షరం రాయాలి. చదవడానికి ఆర్, రాయడానికి డబ్ల్యూ, ఉన్నదాని చివర చేర్చడానికి ‘ఏ’. డబ్ల్యూ పెట్టి తెరిస్తే చాలు, లోపలున్నదంతా మాయం. తుడిచేయనా అని ఒక్క మాట అడగదు. మా వీధి కొళాయి కట్టేసేవాడు కూడా కట్టే ముందు ఒక కేక వేస్తాడు. దీనికి ఆ మాత్రం మర్యాద కూడా లేదు.

మా చిత్తూరు వైపు ఎండాకాలం తిరునాళ్ళలో వీధినాటకం ఆడతారు. అందులో అర్జునుడు తపస్సు చేసే రోజు ఆ వేషగాడు తపసుమాను ఎక్కుతాడు. నున్నగా చెక్కిన పొడవాటి మాను అది. మెట్టు మెట్టుకూ ఆగి పాట పాడాలి. పాట ముగియనిదే పై మెట్టు మీద కాలు పెట్టకూడదు. పై నుంచి అతను విసిరే నిమ్మకాయల కోసం, కడుపు పండాలని మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో కింద పడుకుని ఉంటారు.

ఏటా ఎక్కే మా పెద్ద వేషగాడు ఈ ఏడు స్కూటర్ మీది నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు కట్టు కట్టించుకుని మంచాన పడ్డాడు. ఆయన బదులు ఎక్కడానికి ఒక ఆటో డ్రైవర్ ఒప్పుకున్నాడు. వాడికి ఒళ్ళుంది, గొంతుంది, పాటలే రావు. అవి పెద్దాయన నోట్లో తప్ప మరెక్కడా లేవు.

ఫోన్‌లో పాడమంటే ఆయన ఒప్పుకోలేదు. "ఫోన్లో పడిందంటే రేప్పొద్దునకి పక్కూరి జట్టోళ్ళు పాడేస్తారబ్బా. నువ్వయితే రాసుకో అయ్యోరా. నీ రాత నీకు తప్ప ఎవురికీ తెలీదు."

నేను లెక్కల అయ్యవారిగా రిటైరైనవాణ్ణి. శ్రీహరికోటలో రాకెట్లకు లెక్కలు కట్టిచ్చినవాణ్ణని ఊళ్ళో చాలామంది నమ్ముతారు. నిజానికి రాకెట్ ఎగిరినప్పుడల్లా మేడ ఎక్కి తూర్పుకు చూశాను, అంతే. ఈ పాటల కోసం పెద్ద సాఫ్ట్‌వేర్ రాస్తున్నానని కూడా చెప్పుకున్నాను. అది వేలెడంత ప్రోగ్రాము, స్క్రిప్టంటారు. తిరుపతిలో ఉండే కోడలు ఫోన్‌లో చెబుతుంటే రాసుకున్నది. ఒక్కో పాట పైన మెట్టు సంఖ్య వేసి చూపించడమే దాని పని.

పెద్దాయన మంచం మీద నుంచి విసుక్కుంటూ పాడాడు. నేను పాత ల్యాప్‌టాప్‌లో టైపు చేశాను. అన్నీ అయ్యాక నా బుద్ధి ఊరుకోలేదు. మొత్తం ఎన్ని పంక్తులో నలుగురికీ చెప్పుకోవాలి కదా! స్క్రిప్టులో ముందు పంక్తులు లెక్కపెట్టించి, తర్వాత పాటలు చూపించమన్నాను. లెక్క ఘనంగా వచ్చింది. దాని కింద పాటలు లేవు. ఖాళీ.

ఒళ్ళు మండిపోయింది. ల్యాప్‌టాప్‌ను తిట్టాను, కరెంటు వాళ్ళను తిట్టాను, కాఫీ తెచ్చిన మా ఆవిడను కూడా తిట్టాను. గుర్తున్నంత వరకైనా మళ్ళీ రాద్దామని ఆ కోపంలోనే అదే ఫైలును డబ్ల్యూ పెట్టి తెరిచాను. ఆ తర్వాతే కోడలికి ఫోన్ చేశాను.

"మామా, పాటలు యాడికీ పోలేదు. లెక్కపెట్టేదానికి ఫైలును చివరిదాకా చదివించినారు. అది చివర్లోనే నిలబడుండాది. ఇంకోసారి చదవమంటే ఏముంటాది? మళ్ళా తెరిచుంటే మొదటి నుంచి చదివుండేది."

"అయితే పాటలు ఉండాయన్నమాట!"

"ఉండినాయి. మీరు డబ్ల్యూ పెట్టినంక పోయినాయి. కాపీ లేదా?"

కాపీ ఉంటే ఈ ముసలాడికి ఇంత కోపమెందుకు?

ఆటో డ్రైవర్‌ను వెంటబెట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళి, వైరస్ వచ్చిందని చెప్పాను. ఆయన నా మొహంకేసి చూశాడు. "వైరస్సా? నీ ఒక్కడింటికే వచ్చిందా?" అన్నాడు. చెప్పక తప్పలేదు. చెప్పాక ఆయన చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"నా నోట్లో భద్రంగా ఉండేదాన్ని పెట్టెలో పెడ్తానంటివి. పెట్టి తుడిసేస్తివి. మళ్ళా పాడమంటే పాడేదానికి నేనేమన్నా రేడియోనా? పో అయ్యోరా, పో!"

"మాను మీద వీడు నోరు తెరుచుకుని నిలబడితే పరువు పోయేది నీదే," అని నేనూ అరిచాను.

ఆటో డ్రైవర్ గోడకున్న నిచ్చెన పట్టుకుని మా ఇద్దరి మధ్యకు వచ్చి, పెద్దాయన వైపు తిరిగాడు. "కొట్టుకోబాకండి. మామా, నేను ఈ నిచ్చెన ఎక్కుతా. నువ్వు కింద నుంచి పాడు. పాట నోటికి ఎక్కేదాకా పైకి పోను."

మొదటి మెట్టు మీదే వాడు తప్పు పాడాడు. ఆ తప్పు విని పెద్దాయన ఆగలేకపోయాడు. "అట్ల కాదురా గాడిదా!" అంటూ అందుకున్నాడు. ఇక ఆపలేదు. రోజూ వాడు ఎక్కేవాడు, ఆయన తిట్టేవాడు, పాడేవాడు. నేను పక్కన కూర్చుని ఈసారి ‘ఏ’ పెట్టి తెరిచిన ఫైల్లోకి ఎక్కించాను. మూడుచోట్ల కాపీలు దాచాను. పెద్ద అక్షరాలతో అచ్చు తీసి జేబులో పెట్టుకున్నాను.

తిరునాళ్ళ రోజు ఆటో డ్రైవర్ మాను ఎక్కాడు. కొన దగ్గర ఆగిపోయాడు. పాట రాలేదు. కింద తడిబట్టల ఆడవాళ్ళు తలెత్తి చూస్తున్నారు. నేను కాగితం తీసి, కళ్ళద్దాలు వెతుక్కుని, ఆ పాట ఎక్కడుందో చూస్తున్నాను. ఈలోగా కుర్చీలో కట్టు కాలు చాపుకున్న పెద్దాయన గొంతెత్తాడు. వాడు అందుకున్నాడు. ఎక్కేశాడు. నిమ్మకాయలు రాలాయి.

ఆయన పాడిన పాట నా కాగితంలో లేదు. నాకు చెప్పింది ఒకటి, అక్కడ పాడింది ఇంకొకటి. "నాకు ఇది చెప్పలేదే!" అని ఆయన మీదకు వెళ్ళాను.

"నిచ్చెన మీద ఆ పాట. మాను మీద ఈ పాట. నీ పెట్టెకేం తెలుసు?" అన్నాడు.

ఇంటికొచ్చి, పళ్ళు నూరుకుంటూ, ‘ఏ’ పెట్టి ఫైలు తెరిచి ఆ పాటను చివర చేర్చాను. పాతది తీసేయలేదు. ఊళ్ళో మాత్రం ఆ రోజు పాట అందించింది నేనేనని చెబుతున్నాను. అందించలేదు. నాకు కళ్ళద్దాలే దొరకలేదు.