కొలంబోలో ఒక దొడ్డితలుపు

మా నాన్నగారు కలరాకు భయపడలేదు, కలెక్టరుకూ భయపడలేదు. పంచాంగానికి మాత్రం వణికిపోయేవారు.

నేను చోడవరం ఆడపిల్లల బళ్ళో పంతులమ్మగా చేరిన కొత్త. యాభైల నాటి మాట. వేసవి సెలవుల్లో పంతులమ్మలంతా జట్టుగా సింహళం చూసొచ్చే యాత్ర ఒకటి మద్రాసు నుంచి బయల్దేరుతోందని తెలిసింది. పెళ్ళికాని పిల్ల సముద్రం దాటడమేమిటని మా వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. నాన్నగారు మాత్రం "అందరూ ఆడవాళ్ళే, పైన ఓ హెడ్‌మిస్ట్రెస్ కాపలా. భయమేటి?" అని ఒప్పుకున్నారు. ఆయన మీద నాకు ఎన్నడూ లేనంత గౌరవం పుట్టుకొచ్చింది. ఆ గౌరవం నన్ను సాగనంపడానికొచ్చిన ఆయన మద్రాసు సత్రంలో సంచీలోంచి పంచాంగం తీసేదాకా నిలిచింది.

జట్టు బయల్దేరేది గురువారం. గురువారం దక్షిణ దిక్కుకి వారశూల, అంటే అటు ప్రయాణం పనికిరాదు. సింహళమేమో దక్షిణాన ఉంది, దాన్ని జరపడం ఎవరి తరమూ కాదు. మామూలుగా ఇలాంటి చిక్కొస్తే మా వైపు ఒక ఉపాయం ఉండేది. మంచిరోజు చూసి ప్రయాణపు సంచీ ఒకటి పక్కింట్లో పెడితే ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. దాన్ని ప్రస్థానం అనేవారు. తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం లేదు. మద్రాసులో మాకు పక్కిల్లు లేదు. అందుకని సంచీతో పాటు నన్ను కూడా బుధవారమే రైలెక్కించేశారు.

"ఒక్క రోజే కదమ్మా. కొలంబోలో మీ జట్టు దిగే హాస్టల్లో కూర్చో, మర్నాడు వాళ్ళొచ్చేస్తారు" అన్నారు. అంతమందితో కలిసి గురువారం వెళితే ప్రమాదం, బుధవారం ఒంటరిగా పరాయిదేశం పోతే క్షేమం! బుధవారం ఉత్తరానికి శూల గనక, తను మాత్రం చోడవరం బయల్దేరకుండా సత్రంలో హాయిగా పడుకున్నారు.

రైలూ ఓడా మళ్ళీ రైలూ మారి కొలంబోలో దిగాను. హాస్టలావిడ నన్నూ, నా ట్రంకు పెట్టెనూ ఎగాదిగా చూసి, మీ గదులు రేపటి నుంచి, రేపు రండి అని చక్కని ఇంగ్లీషులో చెప్పి తలుపేసుకుంది. ఆ మహానగరంలో నాకు తెలిసిన చోటు స్టేషనొక్కటే. తిరిగొచ్చి పెట్టె మీద కూలబడ్డాను. భయం కన్నా కోపం ఎక్కువగా ఉంది. "శూల తప్పిపోయింది నాన్నా, నీ కడుపు చల్లగా!" అని పైకే అనేశాను.

"ఏ ఊరమ్మా మీది?" అన్నారెవరో వెనక నుంచి.

నడివయసు మనిషి, చేతిలో గొడుగు. హార్బర్లో గుమాస్తా అట, ఎవరినో రైలెక్కించడానికి వచ్చాడట. చోడవరం అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మాది రావికమతం! మీ నాన్నగారెవరు? మీ ఇల్లు ఏ ఈధి? ఈయేడు సెరుకెలగుందమ్మా?" అంటూ నా వంశవృక్షమంతా విచారించి, చివరికి నన్ను తన మేనత్త తోటికోడలి వైపు నుంచి చెల్లెల్ని చేసేశాడు. "ఆడగుంటవి, ఇలగ ఒక్కర్తివీ కూకుంటే ఏటి బావుంటాది? పద, ఇంటికి పద సెల్లెమ్మా."

ముక్కూ మొహం తెలియని మనిషి వెంట వెళ్ళొచ్చా అని మీరడగొచ్చు. చెరుకును సెరుకన్నాడు. ఆ పూట నాకు అంతకన్నా పెద్ద పూచీకత్తు అక్కర్లేదనిపించింది.

ఇల్లు బజారు వెనక సందులో రెండు గదులు. ఆయన భార్యది దేవరాపల్లి. ఆవిడ నన్ను చూసి నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. అన్నయ్య నా ట్రంకు దించి, "ఊరు మంచిది కాదు సెల్లెమ్మా, గడప దాటకండి. రేపు నానే మీ జట్టుకి అప్పజెప్తాను" అని, బయటి నుంచి తాళం వేసుకుని పనికి పోయాడు.

తాళం చప్పుడు విని బిత్తరపోయాను. వదిన మాత్రం బియ్యం చేట అందుకుంది. "రోజూ ఏస్తాడు. నాను కాపరానికొచ్చిన కాడ్నుంచీని" అంది.

అలా కొలంబో నగర సందర్శనం మొదలైంది. బియ్యం ఏరాను. చింతపండు పులుసుతో అన్నం తిన్నాను. దేవరాపల్లి ఏట్లో నీళ్ళున్నాయా అని ఆవిడ అడిగితే ఉన్నాయన్నాను. ఇందుకా సముద్రం దాటాను? ఇవాళ ఒక్కరోజే నా చేతిలో ఉంది. రేపు హెడ్‌మిస్ట్రెస్ వచ్చిందంటే ఆవిడ చూపించిందే చూడాలి. ఏడుపొచ్చేసింది.

"ఇక్కడ సముద్రం బావుంటుందటగా వదినా?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"ఏమో, నాను సూళ్ళేదు."

"ఓడలోనేగా వచ్చావు!"

"ఓడలో వాంతులే సూసేను. తల ఎత్తితే గదా." చెయ్యి అటు చూపించింది. "గాలేస్తే ఇక్కడికే ఇనిపిస్తాది."

చెవులకు తెలుసు, కళ్ళకు తెలియదు. నా ఏడుపు అక్కడితో ఆగింది. ఆవిడ తాపీగా ఇంకో మాట అంది. "దొడ్డితలుపుకి తాళం లోపలేపే ఉంది. అగ్గీ గిగ్గీ అంటుకుంటే తియ్యమని తాళంసెవి నాకే ఇచ్చేడు."

ఇన్నాళ్ళూ ముందు తలుపుకి అంత కట్టుదిట్టంగా కాపలా కాసిన పెద్దమనిషి తెలివికి మనసులో దణ్ణం పెట్టాను. "మరి ఎప్పుడూ తియ్యలేదేం?"

"తీసి ఎక్కడికెళ్ళాలి పంతులమ్మా? దారి నాకెవులు సెప్పేరు?"

నాకు మాత్రం ఎవరు చెప్పారు? అయినా లేచాను. పొద్దు వాలకముందే ఇద్దరం దొడ్డిదారిన పడ్డాం. ట్రాములకు దడుచుకుని, రిక్షావాళ్ళను తప్పించుకుని, గాలి ఎటు నుంచి వస్తే అటు నడిచాం. పెద్ద మైదానం, దాని చివర సముద్రం. నేను విశాఖపట్నంలో చదువుకున్నదాన్ని, నాకు సముద్రం కొత్త కాదు. ఆవిడ చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా "ఓలమ్మో!" అని కేక పెడుతుంటే నాకు కొత్తగానే ఉంది.

ఆఖరికి అలిసిపోయి నీళ్ళకేసి చూస్తూ అడిగింది. "మనూరు ఇంకా అవతలా?"

నేను పిల్లలకు భూగోళం చెప్పేదాన్ని. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "కాదు వదినా. ఇది పడమటి సముద్రం. మన ఊరు వెనకవైపు."

వెనక్కి తిరిగి పట్నం వైపు చూసింది. "ఇన్నాళ్ళూ ఈ హోరు ఇని, మనూరు ఇటేపే అనుకుంటన్నాను" అంది. "అయితే అటేపు ఎలగెళ్తారు?"

తిరిగొచ్చేటప్పుడు స్టేషన్ మీదుగా తీసుకొచ్చి చూపించాను. వచ్చే శనివారం సాయంత్రం మా బండి ఇక్కణ్ణించేనని కూడా చెప్పాను. ఆయన తాళం తీసే వేళకు మేమిద్దరం బుద్ధిగా బియ్యం ఏరుతున్నాం.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య నన్ను హెడ్‌మిస్ట్రెస్‌కి అప్పజెప్పాడు. "బద్రంగా ఉంచేనండి. గడప దాటనివ్వలేదు" అన్నాడు గర్వంగా. ఆవిడ మెచ్చుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు విప్పితే ఆ మంట వదినకు తగులుతుందని ఊరుకున్నాను.

ఆ వారమంతా జట్టు వెనక సింహళం చూశాను. హెడ్‌మిస్ట్రెస్ ఈల వేస్తే బస్సెక్కేవాళ్ళం, ఇంకోసారి వేస్తే దిగేవాళ్ళం. బుద్ధుడి ముందు కూడా మా తలలు లెక్కపెట్టింది. మిగతావాళ్ళు సాంబారు బాగాలేదని తప్ప దేనికీ బాధపడలేదు.

శనివారం సాయంత్రం స్టేషన్లో మళ్ళీ లెక్క అయింది, బండెక్కాం. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీద, జనంలో, వదిన.

"అన్నయ్యేడీ?" అన్నాను.

"హార్బర్లో."

"మరి ఎవరితో వచ్చావు?"

"ఎవరితో ఏటి? నానే వచ్చేను." ఆవిడ నన్ను చూడటం లేదు, బండిని చూస్తోంది. "మనేపు ఎళ్ళేది ఇదేనా?"

ఇదేనన్నాను. రైలుపెట్టె గోడ మీద అరచెయ్యి ఆనించి, బండి కదిలేదాకా తియ్యలేదు. అప్పుడు గుర్తొచ్చి భయం వేసింది. "వదినా, ఇంటి తాళం?" అని అరిచాను.

"ఆయనేసింది ఏసినట్టే ఉంది!" అని నవ్వింది.