సాయిలు చెప్పిన శాటిలైట్ వాన

కేతేపల్లి సాయిలుకు యాభై ఎనిమిదేళ్లు వచ్చినా "నాకు తెల్వదు" అన్న మాట ఏనాడూ నోట రాలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఆయన చూపించిన చోట మూడు బోర్లు వేస్తే మూడూ ఎండిపోయాయి. తప్పు భూమిదే అన్నాడు. ఒకసారి వార్డు మెంబరయ్యాడు. ఆ అయిదేళ్లలో వీధికి ఒక్క బల్బు వేయించలేదు గానీ, అప్పుడు కుట్టించుకున్న తెల్లబట్టలను ఇప్పటికీ ఇస్త్రీ చేయించి తొడుగుతాడు. ఇలాంటివాడు ఊరికొకడుంటాడు. సిగ్గుచేటేమిటంటే, ఊరు వాడి మాట వింటుంది కూడా.

తమ్ముడి కూతురు అనూహ్య హైదరాబాదులో శాటిలైట్ లెక్కలు చూసే పనిలో చేరాక ఆయనకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. రోహిణి కార్తెలో ఆమె ఊరికొచ్చి, పెదనాయన అడిగాడు కదా అని ల్యాప్‌టాప్ తెరిచింది. భూమికి ఇరవై కిలోమీటర్ల పైనుంచి ఎనభై దాకా ఉన్న గాలిని శాటిలైట్ పొరలు పొరలుగా చూస్తుందనీ, ఏ పొరలో ఓజోన్ ఎంత, నీటి ఆవిరి ఎంత అని లెక్కగడుతుందనీ చెప్పింది.

"మన నెత్తిమీది గాలి ఆడ మెల్లగ పైకెక్కుతది పెదనాయినా. ఎక్కి, ధ్రువాల దిక్కు పోయి, నాలుగైదేండ్లకు దిగుతది. దానెంబడి జరంత నీటి ఆవిరి పోతది. వాన మబ్బులు దానికి కిందనే ఉంటయి. గీ లెక్కతోని వాన చెప్పరాదు."

ఇంత విన్నవాడు మర్నాడు హోటల్ దగ్గర చాయ్ తాగుతూ చెప్పింది ఇది: "నీళ్లు పైకెక్కినయట. ఇగ దిగుడే. మృగశిర పడంగనే పత్తి పెట్టుండ్రి."

ధ్రువాలనూ నాలుగైదేళ్లనూ చాయ్‌తో పాటే మింగేశాడు.

సైదమ్మ ఒక్కతే ఎదురడిగింది. రెండెకరాలు కౌలుకు చేసుకుని బతికే మనిషి. దగ్గరున్న విత్తనాలు పోతే ఆ ఏడు ఆమెకు పంట లేదు.

"నువ్వు పెడుతవా అన్నా? నువ్వు పెడితె నేను పెడత."

"పెట్టకేం," అన్నాడు సాయిలు. తన మాట ఒట్టిదని అందరికంటే బాగా ఎరిగినవాడు తనే. అప్పుడైనా నిజం చెబితే పోయేదల్లా కాస్త పరువు. అంత చిన్న నష్టానికి కూడా ఓర్చుకోలేని పిరికి ప్రాణం ఆయనది.

మృగశిర నాడు కూలీలను వద్దని, నడుముకు సంచి కట్టుకుని తనే చేనులో దిగాడు. సాళ్ల వెంట వంగి, వేలితో గుంట చేస్తూ, మట్టి కప్పుతూ మధ్యాహ్నం దాకా నడిచాడు. దారిన పోయేవాళ్లంతా చూశారు. సైదమ్మ కూడా చూసి, ఆ పూటే తన చేనులో ఆఖరి గింజ దాకా పెట్టింది.

ఒక్క జల్లు పడి ఇరవై రోజులు ఎండ కాసింది. ఆ కాస్త తడికి ఉబ్బిన గింజలు మట్టిలోనే మాడిపోయాయి. అనూహ్య మళ్లీ వచ్చేసరికి విత్తనాలు పోయిన పదిమంది రైతులు సాయిలు చేని గట్టు మీద నిలబడి ఉన్నారు.

"శాటిలైటే తప్పింది, నేనేం జేద్దు," అంటున్నాడు సాయిలు. "నాది గూడ పోలేదా? అడుగుండ్రి గీ పిల్లను."

అందరి కళ్లూ అనూహ్య మీద పడ్డాయి. "వాన చెప్పరాదని నేను చెప్పిన పెదనాయినా," అంది. ఆయన వినబడనట్టు పై కండువా దులుపుకున్నాడు.

సైదమ్మ సాయిలు చేనులో దిగింది. ఒక సాలు పట్టుకుని వేళ్లతో తవ్వుకుంటూ పోయింది. పది గుంటలు తవ్వింది. పక్క సాలులో ఇంకో పది. తర్వాత గట్టెక్కి కొంగుముడి విప్పింది. అందులో ఆమె చేనులో తవ్వి తీసిన నల్లటి మాడు గింజలున్నాయి.

"నా మట్టిల మాడిన గింజలన్న ఉన్నయి. నీ మట్టిల గవి గూడ లేవు," అంది. "నీ నోటిని ఎవలు నమ్మిండ్రు సాయన్నా? నీ చేతులు జూసి పెట్టిన."