తెల్లాపూర్‌లో తల్లి వెంట వచ్చిన దొంగ

కొండాపూర్ నుంచి తెల్లాపూర్ వెళ్లడాన్ని ప్రయాణమంటే ఇప్పటివాళ్లు నవ్వుతారు. తొంభైల చివర్లో అది ప్రయాణమే. హైటెక్ సిటీలో కొత్త భవనానికి అద్దాలు బిగిస్తుంటే, మా సందులోకి పాలు ఇంకా తెల్లాపూర్ నుంచి బస్సులో వచ్చేవి. నేను కాకినాడ వైపు నుంచి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరుని. మాకు పాలు పోసే యాదమ్మ ఒక ఉదయం ఖాళీ క్యానుతో వచ్చింది. "పాలు లేవు డాక్టరమ్మా. బర్రెకు తల్లి వచ్చింది," అంది. ఆమె వేళ్ల మీద పొక్కులున్నాయి. గేదె చన్నుల మీద అమ్మవారు పోస్తే పితికే చేతులకూ అంటుకుంటుంది. అదొక్కటే అయితే నేనంత కంగారుపడను. ఎప్పట్నుంచి పితకలేదని అడిగాను. "మొన్నటి సంది. తల్లి కూసున్న చన్నులు పిండుతరా ఎవరన్న?" అంది. వెంటనే సంచీ తీసుకుని ఆమెతోనే బయల్దేరాను.

ఆటో యూసుఫ్ రానూపోనూ నూట యాభై అడిగి వందకు దిగాడు. శేరిలింగంపల్లి దాకా బాగానే వెళ్లాం, అక్కడ రైల్వే గేటు పడింది. యాదమ్మ వేపమండ ఒళ్లో పెట్టుకుని నిశ్చింతగా కూర్చుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. పితకని పాలు పొదుగులో నిలిచిపోయాయి. పొక్కులు పగిలి పుళ్లయితే వాటిలోంచి బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది. పొదుగువాపు ముదిరితే పొదుగు పాడవుతుంది, ఒక్కోసారి గేదే పోతుంది. యాదమ్మకున్నది ఆ ఒక్క పాడిగేదె. కొంచెం తొందరగా పోనివ్వండి అన్నాను. "గేటు నేను లేపాల్నా మేడం? జర పరేషాన్ గాకుండ్రి," అన్నాడు యూసుఫ్. ఊరి మొదట్లో బురద చూసి, "ఇగ ముంగటికి బండి పోదు," అని దింపేశాడు. మిగతా దారి నడిచాం.

గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది గానీ తాలింపు లేదు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్లూ పోపు వేయరు. కొట్టంలో గేదె కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది, మేత ముట్టలేదు. పొదుగు ఒక పక్క రాయిలా గట్టిపడి కాలిపోతోంది. కొంచెం పిండితే విరిగిన పాలలాంటి ముక్కలు, చీము పడ్డాయి. నేను సిరంజి తీయగానే యాదమ్మ అడ్డం వచ్చింది.

"సూదేస్తే తల్లికి కోపమొస్తది. గిట్ల చేస్తవని తెలిస్తే తోల్కరాకపోదును."

"తల్లీ లేదు, ఏమీ లేదు. ఇది వైరస్ యాదమ్మా!"

"నువ్వు ఏ పేరన్న పెట్టుకో. సూది మాత్రం వద్దు."

బతిమాలాను, కసిరాను. గేదె మూలిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు తోచింది, ఆ వైరస్‌కు మందు నా దగ్గర మాత్రం ఎక్కడుంది?

"సరే, తల్లికి నేను సూది వేయను. ఆవిడ తనంతట తానే వెళ్తుంది. కానీ ఆవిడకు తీసిన తలుపులోంచి వెనకాలే దొంగ దూరాడు. ఈ చీము వాడిది. తల్లి వెళ్లినా వాడు వెళ్లడు. సూది వాడికి."

యాదమ్మ నా చేతిలోని చీము వంకే చూసింది. "తల్లి పొదుగుల ఉంది గద. సూది యాడ ఏస్తవ్?"

"మెడకు."

ఆమె చెంబెడు పసుపు నీళ్లు గేదె కాళ్ల మీద పోసింది. "తల్లీ, నీ జోలికొస్తలేము, దొంగ కోసమే," అని దండం పెట్టి, గేదె తలుగుతాడు తానే పట్టుకుంది. మెడకు యాంటీబయాటిక్ వేశాను. పుళ్లు మందునీళ్లతో కడిగి, చెడిన పాలన్నీ పిండేశాం. గేదె కాలు విసిరినప్పుడల్లా యాదమ్మ "ఓర్చుకో, ఓర్చుకో" అంటూనే ఉంది. గేదెతోనో, నాతోనో, తల్లితోనో నాకు తెలియలేదు.

ఆ తర్వాత రోజూ బస్సులో వెళ్లి సూది వేసి వచ్చాను. చివరిసారి వెళ్లినప్పుడు సందు మొదట్లోనే ఎండుమిర్చి పోపు ఘాటుకు తుమ్ము వచ్చింది. తల్లి వెళ్లిపోయిందన్నమాట! గేదెను చూడకముందే నాకు సంతోషమేసింది. "ఒక చన్ను దొంగ పట్టుకపోయిండు డాక్టరమ్మా. మూడు మిగిలినయి," అంది యాదమ్మ.

ఆ నాలుగో చన్ను పోయినందుకు నాకిప్పటికీ కసే. అయినా వైరస్‌ను తల్లి అన్నందుకు నా చదువుకేమీ తరుగు రాలేదు, మూడు చన్నులు దక్కాయి. ఇలా పశువులను చూడబోయే వాళ్లకు ఒక్క మాట చెప్తాను. గుమ్మానికి వేపమండ ఉండి, వంటింట్లోంచి పోపు వాసన రాకపోతే, సిరంజి తీయకముందే ఎప్పట్నుంచి పితకడం మానేశారో అడగండి. తల్లి ఉందా లేదా అని వాదిస్తూ కూర్చుంటే దొంగకు వ్యవధి చిక్కుతుంది.