షాహీన్ చదివిన టూరు కాగితాలు

మా బడి సాఫ్ట్‌బాల్ జట్టులో బంతి విసిరే పిచ్చర్ షాహీన్‌కి మలేసియాలో మ్యాచులాడే టూరు అవకాశం వచ్చింది, ఖర్చు మాత్రం సొంతం. వ్యాయామ టీచరుగా ఈ రోజు ఆ కాగితాలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి వచ్చిన రేటుకే అమ్మేస్తానన్నారు వాళ్ళ నాన్న మస్తాన్ గారు.

షాహీన్ మాత్రం కాగితాలన్నీ చివరిదాకా చదివింది.

"నాన్నా, ఏడు రోజుల్లో మ్యాచులు రెండే. మిగతావన్నీ పార్కులు, షాపింగులు. బస్తా పైన నాలుగు ఎర్రకాయలు పరిచి, లోపలంతా రంగు పోయిన తాలుకాయలు పోసినట్టుంది. వద్దు."

"విమానం ఎక్కాలని లేదా అమ్మా?" అన్నారాయన.

"ఆడటానికి పిలిస్తే ఎక్కుతా."

ఆ పిల్లకి దణ్ణం పెట్టాలనిపించింది. మీలో ఎంతమంది ఇలా చివరిదాకా చదువుతారో చెప్పండి. వెళ్ళమని సిఫార్సు చేసిన నేనైతే మొదటి పేజీలో విమానం బొమ్మ దగ్గరే ఆగిపోయాను.