పెంగ్విన్ బుగ్గలు పుణికిన చెయ్యి

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువని ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు, ఎందుకంటే దాన్ని నవ్వులాటగా చెప్పడం నేర్చుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మెల్‌బోర్న్‌కి కాస్త దూరంలో ఒక సముద్రతీరంలో నేను వాలంటీర్‌ని. చీకటి పడే వేళకు చిన్న పెంగ్విన్‌లు ఒడ్డుకొచ్చి, రాళ్ల సందుల్లో ఆకలితో ఎదురుచూసే పిల్లల దగ్గరికి నడిచిపోతాయి. జనం వాటికి అడ్డం పోకుండా, ముట్టుకోకుండా చూసే పని నాది. గొప్పలు చెప్పుకుంటున్నాననుకున్నా సరే, ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు అక్కడ లేరు. మన తెలుగువాళ్లు కుటుంబాలతో దిగితే నన్నే పిలుస్తారు. "ఇంటికి పోతోంది, దాని దారిన దాన్ని పోనివ్వండి" అంటాను. చాచిన చేతులు వెనక్కి పోతాయి. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. అప్పుడు నాకు ఎంత గర్వమో!

ఆ తర్వాత వాళ్లకు ఎప్పుడూ ఒక కథ చెబుతాను. మా అత్తయ్య ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక పెంగ్విన్ బుగ్గలు పుణికి, కణతల దగ్గర మెటికలు విరిచి దిష్టి తీశారని. అందరూ పడీ పడీ నవ్వుతారు.

దిష్టి తీసింది అత్తయ్య కాదు. నేను.

ఆ సాయంత్రం అది మా కాళ్ల దగ్గరికే వచ్చింది. ముద్దొస్తే నాకు చెయ్యి ఆగదు. చుట్టాల పిల్లలు నన్ను చూస్తేనే బుగ్గలు దాచుకునేవాళ్లు. వంగాను. పక్కనే శాలువాలో చేతులు ముడుచుకుని చూస్తున్న అత్తయ్య కంగారుపడ్డారు.

"ముట్టుకోకమ్మాయ్! ఇంటికి పోతోంది, దాని దారిన దాన్ని పోనీ."

వినలేదు. అది బెదిరి, తూలుతూ తిరిగి నీళ్లలోకి పడిపోయింది. రాళ్ల సందులో పిల్ల అరుస్తూనే ఉంది. టార్చి పట్టుకున్న పెద్దాయన ఒకాయన వచ్చి, ఎవరు ముట్టుకున్నారని ఇంగ్లీషులో అడిగాడు.

"సారీ, మా అత్తగారు. ఆవిడకి తెలియదు" అన్నాను.

ఆయన అత్తయ్య వైపు తిరిగి, పసిపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. ఆవిడకు ఇంగ్లీషు రాదు.

"ఏవంటున్నాడమ్మాయ్, ఆయన?"

"చలిగా ఉంది, జాగ్రత్త అంటున్నారు అత్తయ్యా."

అత్తయ్య ఆయనకు నమస్కారం పెట్టారు.

ఎందుకలా అన్నాను? జరిమానా వేస్తారని భయమా? అదీ కాదు. చదువుకుని, ఇక్కడే ఆఫీసులో నలుగురికి పని చెప్పే నేను ఇంత మోటు పని చేశానంటే ఆ తెల్లాయన ఏమనుకుంటాడో అని. ఆ పక్షి మళ్లీ ఒడ్డుకొచ్చిందో లేదో, ఆ పిల్ల కడుపు నిండిందో లేదో చూడకుండానే కారెక్కాం. వాలంటీర్‌గా చేరింది ఆ బెంగతోనే.

చేరాక అత్తయ్యను ఆ తీరానికి ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు. "నీ పని నాకూ చూపించవే" అని ఎన్నిసార్లడిగినా చలి అనో, మోకాళ్ల నొప్పులనో తప్పించాను. కథ ఆవిడ చెవిన పడుతుందని. నిరుడు పోయారు. అడగకుండానే క్షమించేసేవారని నాకు నేను చెప్పుకోవచ్చు. చెప్పుకోను.

ఈ పని చేస్తున్నందుకు గర్వం మాత్రం వదులుకోలేను. అందరూ మెచ్చుకునే ఆ "దాని దారిన దాన్ని పోనివ్వండి" అన్న మాట ఆవిడదని ఈ శనివారం తీరంలో అనగలనో లేదో తెలియదు. మీతో అన్నాను, గుండె కాస్త తేలికపడింది. ఆ సాయంత్రం అక్కడ పెంగ్విన్‌ను చూడటం తెలిసిన మనిషి మా అత్తయ్య.