అతుకు కింది ముఖం

మొన్న ఆదివారం మా అమ్మాయి సాహితి స్కూలు ప్రాజెక్టు కోసం పొయ్యి మీద మైదా పిండి ఉడికించాను. కొన్న గమ్ము అయిపోయింది, బయట ఎండ మండిపోతోంది, కారు తీయడానికి బద్ధకం. మా గుంటూరులో గోడలకు సినిమా పోస్టర్లు అంటించేది ఈ జిగురుతోనే కాబట్టి కొలత చిన్నప్పటి నుంచీ తెలుసు. పిండి చిక్కబడి గరిటెకు అంటుకుని, ఆ చప్పటి వాసన వంటగదంతా పట్టేసరికి నా చెయ్యి ఆగిపోయింది. గుర్తొచ్చింది పోస్టర్లు కాదు, పక్కింటి హానా ఆంటీ ముందు గది. ఇక్కడ కాన్‌బెర్రాలో, గంగాలిన్ అనే పేటలో, మా గోడను ఆనుకున్న టౌన్‌హౌస్‌లో ఆమె చాలా ఏళ్లు ఒంటరిగా ఉండేవారు. ఇప్పుడు లేరు. ఆ ఇంట్లో ఓ కుర్రజంట కుక్కతో ఉంటోంది.

నేను పుట్టు పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. బల్లి కనిపిస్తే గది ఖాళీ చేసే రకం. దీనికి తన నీడంటే కూడా భయమేనని మా అమ్మ వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వేది. మా ఆయన ప్రభుత్వ శాఖలో ఐటీ కాంట్రాక్టు మీద ఈ దేశం వస్తే వెంట వచ్చాను గానీ, వచ్చాక భయాలు రెట్టింపయ్యాయి. వీసా ఏమవుతుందోనని భయం, సాలీళ్లంటే భయం, ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడాలంటే భయం. ఇన్ని భయాలున్న మనిషికి ఒక విద్య మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది, భయం లేనట్టు కనిపించడం. సాహితి పుట్టాక ఆ విద్యలో ఆరితేరాను. పిల్ల ముందు తల్లి ధైర్యంగా ఉండాలి కదా అనుకునేదాన్ని.

హానా ఆంటీని మొదటిసారి కలిసింది ఓ ఉగాది నాడు. గిన్నెడు పులిహోర పట్టుకెళ్లి తలుపు తట్టాను. ఎవరని లోపలి నుంచి రెండుసార్లు అడిగారు. తర్వాత బట్ట లాగుతున్న చప్పుడయింది. తలుపు తీసేసరికి కిటికీ పక్క పెద్ద బల్ల, దాని మీద నిండా కప్పిన దుప్పటి. ఎవరు తలుపు తట్టినా వేస్తున్న బొమ్మను ముందు కప్పేయడం ఆమె అలవాటని తర్వాత తెలిసింది. ఆమె చెకొస్లొవేకియాలో ప్రభుత్వ ప్రచురణ సంస్థలో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవారట. ఆ పేరుతో ఇప్పుడు ఆ దేశమే లేదు. దేశం పోయినా దుప్పటి పోలేదని ఆమే నవ్వేవారు.

పిల్లల పుస్తకాలనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా చిన్నప్పుడు మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఓ వ్యానులో మా ఊరొచ్చేవని చెప్పాను. మందపాటి తెల్ల కాగితం, కళ్లు చెదిరే రంగులు, ధర చూస్తే ప్లేటు ఇడ్లీ కన్నా తక్కువ. మంచు ఎలా ఉంటుందో తెలియని నేను మంచుబండి బొమ్మ గీసేదాన్ని. ఆ పుస్తకాల్లో పిల్లలకు ఎర్రటి బుగ్గలుండేవి, భయమన్నది ఉండేది కాదు. ఒంటరిగా అడవిలోకి పోయేవాళ్లు, ఎదురుగా ఎలుగుబంటి వస్తే నవ్వేవాళ్లు. అక్కడి పిల్లల్ని వేరే మట్టితో చేశారు కాబోలని నేను నిజంగానే నమ్మాను. ఆంటీ అంతా విని, తమది మాస్కో కాదు గానీ అలాంటి బుగ్గలు తాను కూడా లెక్క లేనన్ని వేశానన్నారు.

ఆ రోజుల గురించి ఆమె చెడే చెప్పేవారనుకుంటే పొరపాటు. నెలనెలా జీతం, మంచి కుంచెలు, ఒక్క బొమ్మకు వారాల కొద్దీ సమయం. ఏ మారుమూల బడికి వెళ్లినా ఆ పుస్తకం ఉండేది. ఈ దేశం వచ్చాక బిస్కెట్ ప్యాకెట్ మీద కంగారూ వేయమని రెండు రోజుల గడువిచ్చారని వాపోయేవారు. కాకపోతే అక్కడ ప్రతి బొమ్మా కమిటీ ముందుకు వెళ్లాలి. వాళ్లు అరవరు, తిట్టరు. పెన్సిలు మొనతో ఓ ముఖాన్ని చూపించి, ఈ పాప ఎందుకు నవ్వడం లేదని మెల్లగా అడుగుతారు. ఆ అడగడానికి వారం రోజులు అన్నం సయించేది కాదట. బొమ్మంతా మళ్లీ వేసే వ్యవధి ఉండదు గనక, చిన్న కాగితం మీద నవ్వే ముఖం వేసి, అంచులు పలచగా గీకి, పిండి జిగురుతో పాత ముఖం మీద అంటించేవారు. ఆంటీ వేసిన అతుకును ఎవరూ పోల్చుకోలేకపోయేవారట. తోటి చిత్రకారులు కూడా తమ బొమ్మలు తెచ్చి ఆమెతోనే అతుకులు వేయించుకునేవారట. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వమూ ఉండేది, గర్వపడ్డందుకు సిగ్గూ ఉండేది.

సాహితికి ఆరేళ్లప్పుడు, అడవులు తగలబడిన ఆ మంటల వేసవి వచ్చింది. ఇక్కడ నడివేసవిలో వచ్చే క్రిస్మస్ సెలవులకు సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకుని వెళ్లాం. ఓ ఉదయం లేచేసరికి తెల్లారలేదు. గడియారం చూస్తే టిఫిన్ల వేళ, బయట చూస్తే కటిక చీకటి. కాసేపటికి ఆ చీకటి ఎర్రబడింది. రోడ్డు మూసేశారు, అందరూ ఇసుకలోకి నడవమన్నారు. తడి తువ్వాళ్లు ముఖాలకు చుట్టుకుని వందల మందిమి నీళ్ల అంచున నిలబడ్డాం. ఊరి వెనక చెట్లు కాలుతున్న చప్పుడు రైలు వస్తున్నట్టుంది. బూడిద రాలుతోంది. నా చంకలో సాహితి, పైన నా చెయ్యి. ఏం లేదమ్మా, ఏం కాదమ్మా, అంటూనే ఉన్నాను. ఎన్నిసార్లన్నానో నాకే తెలియదు. మధ్యాహ్నానికి గాలి మళ్లింది, బతికి బయటపడ్డాం.

ఇంటికొచ్చాక సాహితి మాట్లాడటం మానేసింది. మొదట అలసట అనుకున్నాం. రోజులు వారాలయ్యాయి, బడి తెరిచారు, పిల్ల నోరు తెరవలేదు. తినేది, తల ఊపేది, బయటికి రమ్మంటే తలుపు పట్టుకుని వేలాడేది. కాన్‌బెర్రా మీద పొగ ఇంకా దిగే ఉంది. డాక్టరు ఓపిక పట్టమన్నారు, స్కూలు కౌన్సెలర్ కూడా ఓపిక పట్టమంది. అమ్మ వీడియో కాల్‌లో చూసి, పిల్ల జడుసుకుందే, జడుపు తీయకపోతే లోపలే ఉండిపోతుందని ఏడ్చింది. ఎర్రనీళ్లతో దిష్టి తీశాను, ఊరి నుంచి తాయెత్తు తెప్పించి కట్టాను. ఈ పిల్ల ఇక ఎప్పటికీ మాట్లాడదేమోనన్న ఆలోచన పాత్రలు కడుగుతుంటే వచ్చేది, బస్సులో వచ్చేది. అయినా పిల్ల దగ్గరికి వెళ్లగానే ముఖం మార్చుకునేదాన్ని. చూడమ్మా, ఏం భయం లేదు, అమ్మ చూడు ఎలా నవ్వుతోందో, అనేదాన్ని. లైబ్రరీ నుంచి నవ్వే ఫైరింజన్ల పుస్తకాలు తెచ్చి చదివేదాన్ని.

ఓ మధ్యాహ్నం మా వెనక పెరట్లో నేనలా ఇంగ్లీషులో చదువుతూ, ఏం భయం లేదని ఆ భాషలోనే చెబుతుంటే కంచె అవతలి నుంచి హానా ఆంటీ విన్నారు. నన్నొక్కదాన్నే పిలిచారు. ఆమెకు కోపం రావడం నేనదే చూడటం.

“పద్మా, ఆ మాట ఆపు. మా ఊళ్లో లౌడ్ స్పీకరు ఆ మాటే చెప్పింది,” అన్నారు.

వాళ్ల ఊరి చివర రసాయనాల ఫ్యాక్టరీ ఉండేదట. ఓ సాయంత్రం అందులో ఏదో పేలి నల్లటి పొగ ఊరి మీదికి వచ్చింది. స్తంభాల మీది లౌడ్ స్పీకర్లు, ఏమీ జరగలేదు, ఎవరూ ఆందోళన పడనక్కర్లేదు అని చెప్పి పాటలు వేశాయట. ఆంటీ కిటికీలకు తడి దుప్పట్లు కట్టి, వణికిపోతున్న ఆరేళ్ల కొడుకు పేతర్‌ను సముదాయించడానికి, అప్పుడే అచ్చయి వచ్చిన తన పుస్తకం వాడి చేతికిచ్చారు. తుఫాను సాయంత్రం కిటికీ దగ్గర నాన్న కోసం ఎదురుచూసే పాప కథ అది. ఆమె మొదట వేసింది భయపడే పాపను. మన దేశంలో ఈ పాపకు దేనికి భయమని కమిటీ అడిగింది. అతుకు పడింది, పాప నవ్వింది. పేతర్ ఆ పేజీని చాలాసేపు చూసి తల్లిని అడిగాడట, “ఈ పాపకు భయం లేదు. నాకొక్కడికే ఎందుకుంది?”

ఆంటీ కూడా లౌడ్ స్పీకరు మాటే చెప్పారు. ఏం లేదు నాన్నా, ఊరికే. ఆ తర్వాత వాడు తన భయం ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు దేశానికి ఆ చివరనున్న పెర్త్‌లో ఉంటాడు, ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, అంతా బాగుందంటాడు. వాడికి గుండె ఆపరేషన్ అయిన సంగతి ఆమెకు నెల తర్వాత కోడలి ద్వారా తెలిసింది.

ఆ అసలు బొమ్మ ఆమె దగ్గరే ఉంది. అతుకు తీసి సాహితికి చూపిస్తారా అని నేనే అడిగాను. ఆమె వద్దన్నారు. జిగురు గట్టిగా పట్టాలని కొన్నిసార్లు పాత ముఖాన్ని బ్లేడుతో గీకేసేవారట. దీన్ని గీకారో లేదో గుర్తు లేదు. కింద ఏమీ లేకపోతే, అన్నారు. ఆ మాట అన్నప్పటి ఆమె ముఖం చూసి, నేను అడగకుండా ఉండాల్సిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆమే వచ్చి మమ్మల్నిద్దరినీ తీసుకెళ్లారు.

ఆమె ముందు గొళ్లెం వేశారు. ఈ ఖండంలో ఏ కమిటీ రాదని ఆమెకూ తెలుసు, అయినా వేశారు. కెటిల్ మూతి దగ్గర బొమ్మను ఎత్తి పట్టుకుని, ఆవిరి కాస్త కాస్త తగలనిచ్చారు. ఏళ్ల నాటి జిగురు మెత్తబడి ఆ చప్పటి వాసన లేచింది. సన్నటి చాకు మొనతో అంచు లేపుతుంటే ఆమె చెయ్యి వణికింది. దాన్ని ఆమె దాచుకోలేదు. చూడు, నాకెంత భయమేస్తోందో, అని సాహితికి చూపించారు. పిల్ల బల్ల దగ్గరికి జరిగింది.

అతుకుతో పాటు ఒక బుగ్గ మీది రంగు ఊడి వచ్చింది. మిగిలిన ముఖం అలాగే ఉంది. పెద్దవైన కళ్లు, సగం తెరిచిన నోరు, కిటికీ చట్రాన్ని గట్టిగా పట్టుకున్న వేళ్లు. అతుకు కప్పని ఆ వేళ్లు అన్నేళ్లూ నవ్వే ముఖం పక్కనే అలా బిగుసుకుని ఉన్నాయి, ఎవరూ గమనించలేదు. సాహితి ముఖం బొమ్మ మీదికి వంచి ఊపిరి బిగబట్టి చూసింది.

“షీ ఈజ్ స్కేర్డ్,” అంది.

అలవాటు కొద్దీ నా నోట్లో ఏం లేదమ్మా అన్న మాట సిద్ధంగా ఉంది. ఆంటీ నా మణికట్టు పట్టుకుని నొక్కారు, ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా. తర్వాత పిల్లను అడిగారు, ఈ పాప ఏం చూసి ఉంటుందని. సాహితి మెల్లగా ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. ఆకాశం ఎర్రగా ఉందంది. నీళ్లలో ఒక పిట్ట పడిందంది. ఎవరో ముసలాయన ఏడ్చాడంది. ఇవేవీ పిల్ల చూసినట్టు నాకు తెలియదు. చివరికి నా వైపు తిరక్కుండానే అంది, అమ్మ ఏం లేదంది, కానీ అమ్మ చెయ్యి వణుకుతూనే ఉంది, ఆ మంట నాకొక్కదానికే కనిపిస్తోందేమో అనుకున్నాను.

నాకు ఏడుపు ఆగలేదు. పిల్ల ముందు ఏడ్చింది అదే మొదటిసారి. “నాకూ కనిపించింది సాహితీ. నాకు చాలా భయమేసింది. మనం ఇంటికి రామేమో అనుకున్నాను,” అన్నాను. పిల్ల నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, వచ్చి నా ఒళ్లో కూర్చుంది. నా కూతుర్ని ఆ బీచిలో ఒంటరిగా వదిలేసి వచ్చానని, ఇన్నాళ్లకు వెనక్కి వెళ్లి తెచ్చుకున్నానని అనిపించింది.

అన్నీ ఆ ఒక్క రోజుతో చక్కబడలేదు. చాలాకాలం బార్బెక్యూ పొగకు కూడా వణికేది. కానీ వణుకుతున్నానని చెప్పేది, అదే నాకు వెయ్యి వరహాలు. సెలవుల్లో పొద్దంతా ఆంటీ బల్ల దగ్గరే ఉండేది. ఆంటీ ఆ పాప ఊడిన బుగ్గను మాత్రం మళ్లీ ఎప్పుడూ రంగుతో పూడ్చలేదు.

ఆంటీ ఆసుపత్రిలో చేరినప్పుడు సాహితికి పదేళ్లు. చూడటానికొచ్చిన వాళ్లంతా మంచి రంగులో ఉన్నారనో, త్వరలో ఇంటికొచ్చేస్తారనో చెప్పి వెళ్లేవారు. సాహితి మంచం పక్కన నిలబడి, భయంగా ఉందా అని సూటిగా అడిగేసింది. చాలా, అన్నారు ఆంటీ. అయితే ఇక్కడే కూర్చుంటానని పిల్ల కుర్చీ లాక్కుంది. ఆ ఆదివారం పేతర్ ఫోన్ వచ్చింది. ఫోన్ ఆమె చెవి దగ్గర పట్టుకున్నది నేనే. వాళ్ల భాషలో చిన్న మాటేదో అన్నారు. ఫోన్ పెట్టేశాక చెప్పారు, “నాకు భయంగా ఉందన్నాను. వాడికీ ఉందట. వస్తున్నాడు.” మంగళవారం వెళ్లేసరికి, యాభై దాటిన ఆ మనిషి తల్లి దుప్పట్లో ముఖం పెట్టుకుని ఉన్నాడు, ఆమె చెయ్యి అతని తల మీద ఉంది. నేను లోపలికి వెళ్లకుండా తిరిగి వచ్చేశాను.

నా భయాలేవీ పోలేదు. బల్లులు ఈ దేశంలోనూ ఉన్నాయి. నిన్న సాయంత్రం మాకు ఉత్తరాన గడ్డి మైదానాలు అంటుకున్నాయని ఫోన్లకు హెచ్చరిక వచ్చింది. మా ఆయన సిటీ నుంచి ట్రామ్‌లో వస్తున్నారు. పాస్‌పోర్టులు, మందులు ఉన్న సంచి తీసుకుని నేనూ సాహితీ గుమ్మం మెట్ల మీద కూర్చున్నాం. పన్నెండేళ్ల పిల్ల, నా భుజం దాకా వచ్చింది. ఆకాశం అంచు చూస్తూ, “అమ్మా, ఆర్ యూ స్కేర్డ్?” అంది. అవునన్నాను, పొట్టలో చల్లగా అవుతోందన్నాను. తనకు గొంతులో అవుతోందంది. ఆయన వచ్చేదాకా, మంటలు ఇటు రావడం లేదని మళ్లీ ఫోన్ మోగేదాకా, ఎవరికి ఎక్కడ ఎలా భయమేస్తోందో ఇద్దరం చెప్పుకుంటూ కూర్చున్నాం. ఏం లేదు అని మాత్రం ఇద్దరిలో ఎవరమూ అనలేదు.