బుధవారం రేడియోలో మా హిల్లె

మా తోడికోడలు హిల్లెకి దేవుడు నోరిచ్చాడు. ఎందుకిచ్చాడన్న దగ్గరే మా చర్చి సంఘానికీ ఆమెకీ తేడా వచ్చింది.

ఆమెది వలలు అల్లే ఇల్లు, మా వీధి చివరే. ఏడేళ్ళప్పుడు బైబిలు బడిలో లేచి పాస్టరుగారిని ఒక ప్రశ్న అడిగింది. "హవ్వ పండు ఇస్తే ఆదాము వద్దనొచ్చు కదండీ? ఇంటికి శిరస్సు ఆయనే కదా?" ఆ పూటంతా కోట్లు తగిలించే కొయ్య పక్కన నిలబెట్టారు. ఇంటికొచ్చి వాళ్ళమ్మతో, "నిలబడ్డాను గానీ జవాబు మాత్రం రాలేదు" అందట. నేను అప్పుడు అదే బెంచీ మీద కూర్చుని నా బూట్లు చూసుకుంటూ ఉన్నాను. నా బతుకంతా దాదాపు అలాగే గడిచింది.

ఇద్దరం ఒకే ఇంటి కోడళ్ళమయ్యాం. నేను పెద్దవాడు మైన్డెర్ట్‌ని చేసుకున్నాను, ఆమె చిన్నవాడు రీకెల్ట్‌ని చేసుకుంది. మా ఆయన నడుము పట్టేసి సముద్రం మానేశాక రేవు పక్కన చేపల్ని నిలవకి పొగపెట్టే పని చేస్తూ సంఘపెద్ద అయ్యాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. చెడ్డవాడు కాదు, ఆ మూడు కాళ్ళనీ బాగానే చూసుకుంటాడు. రీకెల్ట్ దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. తలుపంత వెడల్పు, పిల్లి పిల్లంత మెత్తన. నడిసముద్రంలో తుఫానొచ్చినా జంకడు, గట్టు మీద కుర్చీకి ఏ రంగు వెయ్యాలన్నా "హిల్లె, నువ్వేమంటావ్?" అంటాడు.

మా ఉర్క్ చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఇక్కడ మగవాళ్ళు సోమవారం తెల్లవారకముందే పడవలెక్కితే శుక్రవారానికి వస్తారు. ఆ మధ్యలో పైకప్పు కారినా, పిల్లకి జ్వరమొచ్చినా, పడవ కాగితాల మీద సంతకాలు కావాలన్నా ఆడవాళ్ళే. శనివారం మొగుడు స్నానం చేసి చేతుల కుర్చీలో కూర్చుంటాడు, ఇంటికి శిరస్సు వచ్చినట్టు. ఆదివారం మేము టోపీలు పెట్టుకుని, నాలుక కింద పిప్పర్మెంటు బిళ్ళ పెట్టుకుని, స్త్రీ లోబడి ఉండాలని ప్రసంగం వింటాం. "వారానికి రెండు రోజుల శిరస్సులు" అనేది హిల్లె. "మిగతా అయిదు రోజులూ ఈ ఊరు మొండెంతోనే నడుస్తోందా అక్కా?"

నవ్వొచ్చేది. నవ్వేసి, పాపం చేశానని భయపడేదాన్ని.

ఇప్పుడు రేడియో సంగతి చెప్పాలి. ఇది డెబ్బై నాలుగు నాటి మాట. టీవీ పాపం, రేడియో పాపం కాదు, ఎందుకంటే పడవల మాటలు అందులో వినిపిస్తాయి. బుధవారం సాయంత్రం తీరపు కేంద్రం వాళ్ళు పడవల్ని ఇళ్ళ ఫోన్లకి కలిపేవారు. ఆ మాటలు ఎవరి రేడియోలోనైనా పట్టేవి. ఏ మొగుడు పెళ్ళాంతో ఏమన్నాడో ఊరంతా మేజోళ్ళు అల్లుకుంటూ వినేది. అందుకని అందరూ వాతావరణం గురించే మాట్లాడుకునేవాళ్ళు. ఒక్క హిల్లె తప్ప. ఆమె మధ్యాహ్నమే అన్ని రేవులకీ ఫోన్లు చేసి, ఎక్కడ ఎన్ని పడవలు దిగబోతున్నాయో కనుక్కునేది. పడవలు తక్కువున్న రేవులో వేలానికి చేప ధర ఎక్కువ. "ఉత్తరం వద్దు, దక్షిణపు రేవుకి రా. మఫ్లరు కట్టుకో" అనేది. రీకెల్ట్ సరే అనేవాడు. సముద్రంలో వింటున్న నలభై పడవలవాళ్ళూ దాన్నిబట్టే తమ లెక్క చూసుకునేవాళ్ళని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆ శరదృతువులో సంఘపెద్ద పదవి ఒకటి ఖాళీ అయింది. మా మామగారు ముప్ఫై ఏళ్ళు కూర్చున్న స్థానం అది. ఆదివారం పాస్టరుగారు రీకెల్ట్ పేరు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే తెలపమన్నారు. ఆ పూట రీకెల్ట్ మెడ వెనక భాగం ఎర్రగా కందిపోవడం చూశాను. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పెద్దల సభకి వేసుకెళ్ళే బూట్లు బల్ల కింద కూర్చుని తుడిచేవాడట. ఆ స్థానమంటే అతనికి అంత ఇష్టం.

అభ్యంతరం వచ్చింది. తన ఇంటిని ఏలుకోలేనివాడు సంఘాన్ని ఏమేలుతాడు, భార్య చెప్పింది చేస్తున్నాడని ఊరంతా వింటోంది కదా అని. విషయం కనుక్కురమ్మని శనివారం హిల్లె ఇంటికి మా ఆయన్నీ మరో ముసలి పెద్దనీ పంపారు. తోడుగా నేనూ వెళ్ళాను, కాఫీ పొయ్యడానికి.

"చూడమ్మాయ్, ఇంటికి పెద్ద ఎవరు?" అన్నాడు మా ఆయన.

"ఏ రోజున బావగారూ?" అంది హిల్లె.

"వెటకారం వద్దు. వాక్యం ఏం చెప్తోంది?"

"బైబిల్లో సామెతల గ్రంథం చివర ఒక ఇల్లాలుంది కదండీ, పొలం చూసి తనే కొనుక్కుంది. మొగుణ్ణి అడిగిందని రాసిలేదు. ఆయన ఊరి గుమ్మంలో పెద్దమనుషుల మధ్య హాయిగా కూర్చున్నాడని మాత్రం రాసుంది."

ముసలి పెద్ద బిస్కట్టు నములుతూ ఆగిపోయాడు. మా ఆయన గొంతు తగ్గించాడు. "ఇంట్లో మీరేమనుకుంటారో మీ ఇష్టం. రేడియోలో మాత్రం కాస్త లోబడి ఉండు. రెండు మూడు వారాలు. వాడి కోసం."

హిల్లె మొగుడి వంక చూసింది. అతను కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. వద్దనలేదు, చెయ్యమనీ అనలేదు. ఆమె మొహం చిన్నబోవడం నేను చూశాను. చూసి కూడా కాఫీయే పోశాను.

"సరేనండీ. లోబడతాను" అంది హిల్లె.

బుధవారం మా ఇంట్లో బంగాళదుంపల గిన్నె తీసేసి రేడియో పెట్టాం. మా ఆయన తృప్తిగా కాళ్ళు చాపుకున్నాడు.

"హిల్లె, ఏ రేవుకి రమ్మంటావ్?" రీకెల్ట్ గొంతు.

"మీ ఇష్టమండీ."

కాసేపు గరగర. "ఎవరు మాట్లాడేది?"

"మీ భార్యనండీ."

"హిల్లెని పిలవండి."

"నేనేనండీ."

గోడవతల పక్కింటావిడ పకపకా నవ్వింది. రీకెల్ట్ దగ్గాడు. "అది కాదు... అమ్మ కంటి ఆపరేషన్ గురించి డాక్టరు ఏమన్నాడు?"

"చేయిద్దామా వద్దా అని అడిగారండీ. మీరెలా సెలవిస్తే అలా."

"నువ్వేమన్నావ్?"

"అనడానికి నేనెవర్నండీ?"

"హిల్లె, నా ఉన్ని మేజోళ్ళు ఎక్కడ పెట్టావే?"

"అది చెప్పొచ్చో లేదో. బావగారిని అడిగి చెప్తానండీ."

మా ఆయన కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. నేను తలొంచుకుని అల్లిక మీద అల్లిక వేశాను. ఆ వారం అల్లిన మేజోడుకి మడమ రెండుచోట్ల వచ్చింది.

చివరికి రీకెల్ట్ నీరసంగా, "అయితే ఉత్తరపు రేవుకే పోతాలే" అన్నాడు. వింటున్నవాళ్ళంతా ఏమనుకున్నారో తెలుసా? హిల్లె ఆ మాట అతనికి ముందే రహస్యంగా చెప్పి ఉంటుందని! శుక్రవారం నలభై పడవలూ ఉత్తరపు రేవులోనే దిగాయి. రేవు నిండిపోయింది, వేలం శనివారం మధ్యాహ్నం దాకా సాగింది. మగవాళ్ళు చీకటి పడ్డాక ఇల్లు చేరి, స్నానానికి వేళ చాలక, ఆదివారం చర్చిలో చేపల వాసనతో కూర్చున్నారు. పాస్టరుగారు జేబురుమాలు పట్టుకునే ప్రసంగించారు.

నవ్వుకున్నాం గానీ, హిల్లె ఇంట్లో నవ్వు లేదు. "వారమంతా నా గొంతు నేనే పిసుక్కున్నానక్కా" అంది నాతో. "ఆయనకి ఆ కుర్చీ దక్కుతుందంటే ఇంకో పదేళ్ళయినా పిసుక్కుంటాను. కానీ ఆయన ఒక్కసారి వద్దంటే బావుణ్ణు."

తర్వాతి బుధవారం మళ్ళీ రేడియో. "మీ ఇష్టమండీ" అంది హిల్లె, ఈసారి వేళాకోళం లేకుండా, అలసిపోయి.

రీకెల్ట్ చర్చిలో సాక్ష్యం చెప్పేవాడిలా ఒక్కో మాటా తీసి పెట్టాడు.

"హిల్లె, ఊరంతా వింటోందని తెలుసు. అన్నయ్యా, నువ్వూ వింటున్నావ్, విను. మేము పడవలో తిన్నాక బైబిల్లో వరసగా ఒక్కో అధ్యాయం చదువుతాం. ఇవాళ అబ్రహాము దగ్గరికొచ్చాం. ఆయన ఎటూ తేల్చుకోలేక కుమిలిపోతుంటే దేవుడే చెప్పాడు, నీ భార్య శారా ఏం చెప్పినా ఆమె మాట విను అని. మావాళ్ళు నమలడం ఆపి నా వంక చూశారు. ఇది ఇన్నిసార్లు చదివాను, ఇవాళే వినిపించింది. ఆ రోజు కాఫీ తాగుతూ నేను నోరెత్తలేదు, నీ నోరు మూయించారు. సిగ్గుగా ఉందే. నాన్న కుర్చీ ఇస్తే తీసుకుంటాను. నీ నోటికి తాళం వేస్తేనే ఇస్తామంటే నాకొద్దు. ఇప్పుడు చెప్పు, ఏ రేవుకి రమ్మంటావ్?"

హిల్లె ఏడుపు వినిపించింది. ముక్కు చీదిన చప్పుడు కూడా, ఊరంతటికీ.

"దక్షిణపు రేవుకి రా. అమ్మకి ఆపరేషన్ చేయిద్దాం. మేజోళ్ళు నీ సంచీ అడుగునే ఉన్నాయి, చూసుకోవేం!"

వీధిలో ఎవరో తలుపు తీసి "హమ్మయ్య!" అన్నారు. మా ఆయన లేచి రేడియో కట్టేశాడు.

శనివారం మధ్యాహ్నం పెద్దల సభ. రీకెల్ట్ పేరు ఉంచాలా తీసెయ్యాలా అని చేతులెత్తాలి. మా ఆయన నల్లకోటు వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"ఫొక్యె, నువ్వేమంటావ్?" అన్నాడు.

ఫొక్యె అంటే నేనే. ఇరవై రెండేళ్ళ కాపురంలో కాఫీ ఉందా అని అడిగాడు, చొక్కా ఇస్త్రీ అయిందా అని అడిగాడు. ఈ మాట అడగలేదు. హిల్లెకయితే ఆరు జవాబులు నాలుక చివర ఉండేవి. నేను లోపల వెతుక్కున్నాను. అక్కడ ఎంతసేపటికీ ఆయన మాటలే దొరికాయి. నా మీద నాకే జాలేసింది. ఆయన మాత్రం లేవలేదు, కాఫీ చల్లారిపోయేదాకా నా వంక చూస్తూ కూర్చున్నాడు.

"ఉంచమని చెయ్యెత్తండి" అన్నాను.

"నాదొక్కటే లేస్తే?"

"ఒక్కటే లేస్తుంది. ఏం పోయింది?"

ఒక్కటే లేచింది. మిగతా ఏడుగురూ వద్దన్నారు. రీకెల్ట్‌కి ఆ కుర్చీ రాలేదు, తర్వాతెప్పుడూ రాలేదు.

చీకటి పడకముందే హిల్లె పరుగున వచ్చింది, ఏప్రను కూడా విప్పలేదు. కళ్ళు వాచి ఉన్నాయి. "పోయిందక్కా, వాళ్ళ నాన్న కుర్చీ పోయింది. ఏడవనంటాడు, అటు తిరిగి బూట్లు తుడుస్తున్నాడు." ఏప్రను అంచుతో మొహం తుడుచుకుంది. "ఒక్క చెయ్యి లేచిందట, బావగారిదట! ఏ దేవదూత వచ్చి తట్టాడు ఆయన్ని?"

"ఆయన నన్నడిగారు" అన్నాను. "నేను చెప్పాను."

హిల్లె నోరు తెరిచింది. నా ఎరుకలో మొదటిసారి అందులోంచి మాట రాలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, తడి చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"ఏమని అడిగారు? ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.